సరిహద్దు రైతుని అడిగారా?

 నమస్కరించాల్సిన పెద్దలు వరుసలో చాలామందే ఉన్నారు. అందరికీ కలిపి ఒకటే దండం పెట్టేస్తున్నాను. ఈ బందరు ఉక్కపోతలో గౌన్లు వేసుకుని కూర్చున్న పిల్లల్ని చూస్తే జాబితా చదవడానికి నోరు రావట్లేదు. పట్టాలు అందుకున్నవాళ్లకీ, వెనక వరసల్లో ఉన్న అమ్మానాన్నలకీ అభినందనలు.

నాది నాగాయలంక దగ్గర పల్లె. ఉద్యోగమంతా ఇరిగేషన్ శాఖలో, కాలవ గట్ల మీదే గడిచింది. 2010లో గుడివాడ వైపు రైతులు కొందరు వచ్చి, "ఇథియోపియాలో భూములు లీజుకిస్తున్నారట, మీరొకసారి చూసి చెప్పండి" అన్నారు. గాంబెల్లా అనే ప్రాంతం, బారో నది పక్కన. హెక్టారుకి ఏడాదికి 20 బిర్లు. అప్పటి లెక్కలో వంద రూపాయలు కూడా కాదు. ఎవరికి నోరూరదు?

వెళ్లింది జనవరిలో. జీపులో తిప్పారు. చూపు ఆనినంత మేర చదును నేల. మ్యాపు పరిచి, ఇదంతా ఖాళీ భూమే అన్నారు. నా కన్ను మాత్రం ఏటి ఒడ్డున ఉన్న తుమ్మచెట్టు మీద పడింది. మొదలు మీద, నా తలకంటే మూరెడు ఎత్తున బురద చార. దానికీ పైన కొమ్మల పంగలో ఇరుక్కుని ఎండిపోయిన గడ్డి చుట్ట. 1977 నవంబరు 19 ఉప్పెన తరవాత దివిసీమలో చెట్లు చూసినవాడికి అదేమిటో ఒకరు చెప్పక్కర్లేదు. అక్కడ పశువులు కాసుకుంటున్న ముసలాయన్ని, వానాకాలం నీళ్లెంత వస్తాయని దుబాసీ చేత అడిగించాను. ఆయన చెయ్యి తల మీదుగా ఎత్తి చూపించాడు. ఖాళీ భూమిలో ఆయనా, ఆయన పశువులూ ఏం చేస్తున్నట్టో మ్యాపు పరిచినవాళ్లు చెప్పలేదు.

తిరిగొచ్చి వద్దన్నాను. పిరికివాడన్నారు కొందరు. ఆ ప్రాంతంలోనే లక్ష హెక్టార్లు లీజుకు తీసుకున్న బెంగళూరు కంపెనీ కరుటూరి గ్లోబల్ కథ తరవాత పేపర్లలో వచ్చింది. 2011 వరదకి వాళ్ల మొక్కజొన్న మునిగింది. 2015 చివర్లో అక్కడి ప్రభుత్వం లీజు రద్దు చేసింది.

పట్టాల పండగనాడు ఈ పొలాల గోలేమిటంటారా? మీలో చాలామంది ఫోన్లలో అమెరికా కాలేజీలు పంపిన ఐ-20 కాగితాలు ఉన్నాయని నాకు తెలుసు, అందుకని. ఇక్కడ ఎకరం కొనాలంటే మనవాళ్లు ఏం చేస్తారు? ఈసీ తీయిస్తారు, అడంగల్ చూస్తారు. అంతటితో ఊరుకోరు. టీ కొట్టు దగ్గర సరిహద్దు రైతుని పట్టుకుని, "ఏం బావా, నీళ్లందుతాయా, దారుందా, తగాదాలేమన్నా ఉన్నాయా" అని కూపీ లాగుతారు. అదే ఎకరం తాకట్టు పెట్టి పిల్లాణ్ని దేశం దాటించేటప్పుడు మాత్రం కన్సల్టెన్సీ బ్రోచరు చాలు! ఏమిట్రా ఇది?

2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ అనే బూటకపు యూనివర్సిటీ మీద అక్కడి అధికారులు దాడి చేశారు. అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకి రేడియో కడియాలు తొడిగారు. అది మరిచిపోకముందే 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. దానికి పంతుళ్లు లేరు, పాఠాలు లేవు. నడిపింది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్లే. 129 మంది భారతీయ విద్యార్థుల్ని పట్టుకున్నారు. వల పన్నినవాళ్లని నేను మెచ్చుకోను. కానీ ఫార్మింగ్టన్ పేరు అప్పట్లో అక్కడి ప్రభుత్వ జాబితాలో ఉండేది, వెబ్‌సైటు ఉండేది. కాగితాలన్నీ సవ్యంగానే ఉన్నాయి. లేనిదల్లా క్లాసు. ఆ ముక్క అక్కడ ఉన్నవాడే చెప్పాలి.

మనల్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఇలా వాకబు చెయ్యకుండా రాలేదు. డచ్చివాళ్లు 1605లో ఈ బందరు రేవుకి గాలివాటున కొట్టుకు రాలేదు. లవంగాలు, జాజికాయలు పండే దీవుల్లో మన తీరపు బట్టలకి ఎంత గిరాకీ ఉందో చూసుకుని మరీ వచ్చారు. ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి విలియం మెత్‌వోల్డ్ 1618 నుంచి 1622 దాకా బందరులో ఉండి, మన ఎండలు, శిస్తు వేలాలు, వజ్రాల గనులు అన్నీ రాసిపెట్టాడు. అది 1626లో లండన్లో అచ్చయింది. వాళ్ల ఉద్దేశాలకి నేను పూచీ పడను, వాకబుకి మాత్రం నూటికి నూరు వేస్తాను. డాలస్‌లో బిర్యానీ ఎక్కడ బాగుంటుందో మీకు తెలుసు, సంతోషం. ఇన్సూరెన్సు లేకుండా ఆస్పత్రి పాలైతే ఎంతవుతుందో తెలుసా తల్లీ? అద్దె ఒప్పందం మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలో?

ఉద్యోగాలకి వెళ్లేవాళ్లు ఏజెంటు పేరు మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో చూసుకోండి. డేటా ఎంట్రీ అని నమ్మి కంబోడియా వెళ్లి, సైబర్ మోసాల ముఠాలకి చిక్కిన ఆంధ్రా కుర్రాళ్ల సంగతి 2024లో విన్నాం.

వెళ్లొద్దని నేననను. ఈ రాత్రికి మాత్రం ఒక పని చేయండి. మీరు చేరబోయే చోట ఇప్పుడు చదువుతున్నవాళ్లకి, కమీషన్ తీసుకోనివాళ్లకి ఫోన్ చేసి, పోయిన వారం ఏ రోజు ఏ క్లాసు జరిగిందో, ఎవరు చెప్పారో అడగండి. జవాబు వచ్చాకే లోను కాగితాల మీద నాన్న చేత సంతకం పెట్టించండి.