తూర్పారబట్టని రాశి

పెదపారుపూడి మాగాణులలో వరి నూర్చిన నాడు కళ్ళములోని రాశి ఎంతో ఘనముగా కనబడును. కాని అనుభవజ్ఞుడైన రైతు దానిని చూచి దిగుబడి లెక్కింపడు. తూర్పారబట్టగా, తాలు ఎగిరిపోయి మిగిలినదే గింజ. వైద్యశాస్త్రమునందును ఇట్టి కళ్ళపు రాశి యొకటి కలదు. దానిని ప్రీప్రింటు అందురు.

పరిశోధకుడు పంపిన వ్యాసమును పత్రికవారు అచ్చువేయుటకు ముందు, ఆ శాస్త్రము నెరిగిన ఇతర నిపుణులు పరీక్షింతురు. అందుకు నెలలు పట్టును. అంతవరకు వేచియుండక, వ్యాసమును అందరికిని అందుబాటులో నుంచుటయే ప్రీప్రింటు. వైద్యవ్యాసముల కొరకు మెడ్‌ఆర్కైవ్ అను భాండారము 2019లో వెలసినది.

హైదరాబాదులో తయారైన కోవాక్సిన్ టీకాకు 2021 జనవరి 3న అత్యవసర వినియోగానుమతి లభించినది. అప్పటికి మూడవ దశ పరీక్షల ఫలితములు రాలేదు. టీకా వేయించుకొనవలెనా, వలదా యని ఎందరికో సందేహము. జూలై మొదట ఆ ఫలితములు ప్రీప్రింటుగా వెలువడినవి: లక్షణములు కనబడు కోవిడ్ నుండి 77.8 శాతము రక్షణ. నిపుణుల పరీక్ష ముగిసి, నవంబరు 11న లాన్సెట్ పత్రిక ప్రకటించినదియు ఆ లెక్కయే. లోకము నాలుగు నెలల ముందే దానిని చూడగలిగినది. ఇది మేలు.

కీడును కలదు. 2020 జనవరి 31న, కరోనా వైరస్సులో ఎయిడ్స్ వైరస్సును పోలిన భాగములు గలవని ఢిల్లీ పరిశోధకుల ప్రీప్రింటు ఒకటి వెలువడినది. అట్టి చిన్న పోలికలు ఎన్నో జీవులలో నుండునని శాస్త్రజ్ఞులు వెంటనే ఎత్తిచూపిరి. రెండు దినములలో రచయితలే దానిని ఉపసంహరించుకొనిరి. కాని వదంతిని వెనుకకు పిలుచుట ఎవరి తరము?

ముందుగా ప్రీప్రింటైన వ్యాసములకు ప్రచారమును, ఇతర వ్యాసములలో ఉటంకింపులును అధికమని 2018లో అమెరికా వైద్యసంఘ పత్రికలో వచ్చిన పరిశీలన తెలిపినది. అది ప్రీప్రింటు ఫలమా, లేక మేలైన వ్యాసములే ముందుగా వెలువడుటవలననా యని నిశ్చయింపలేము. ఏదైనను, పదుగురు చూచుట వేరు, నిజమగుట వేరు.

తూర్పారబట్టిన ధాన్యములోను రాయి యొకటి మిగులవచ్చును. పరీక్ష దాటిన వ్యాసములలోను తప్పులు దొరలకపోవు. అయినను క్రొత్త మందును గూర్చి వార్త విన్నపుడు, ఇది తూర్పారబట్టినదా యని ప్రశ్నించుకొనుట మంచిది. కాదని తెలిసినచో, ఆసక్తితో వినవచ్చును. కాని వాడుచున్న మందును మాత్రము వైద్యుని అడుగక మార్చరాదు.