కమిలితే ఓర్పు, పాలిపోతే పరుగు

(రుషికొండలో జరిగిన వార్షిక సమావేశంలో సంఘం ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ విభాగం తరఫున చక్కెర వ్యాధి గురించో, రక్తపోటు గురించో మాట్లాడుతూ వచ్చాము. ఈసారి ముఖానికి వేయించుకునే ఫిల్లర్ సూదుల గురించి, వాటివల్ల చర్మం కమిలిపోవడం గురించి మాట్లాడబోతున్నాము. "ఇదేం విషయం, సినిమావాళ్ళ గొడవ కదా" అని కొందరు పెద్దలు అనుకోవచ్చు. కాదండీ. నిఖా కుదిరిన ఇళ్ళలో కూడా ఇప్పుడు ఈ మాట వినిపిస్తున్నది. వేయించుకోవాలా వద్దా అన్నది ఎవరి ఇంటి ఆలోచన వారిది. ఆ తీర్పు చెప్పడానికి మేము రాలేదు. మేము ఆసుపత్రి వార్డుల్లో ఏళ్ళ తరబడి సూదులు వేసిన నర్సులం. మాకు తెలిసినంత మేరకు విన్నవించుకుంటాము.

మొన్నామధ్య మా వీధిలో ఒక అమ్మాయి నిఖాకు ఐదు రోజుల ముందు పెదవులకు ఈ సూది వేయించుకున్నది. మర్నాటికి పై పెదవి వంకాయ రంగుకు తిరిగింది. వాళ్ళ అమ్మీ కంగారుపడి వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టింది, నూనె రాసి రుద్దింది. మచ్చ గడ్డం దాకా దిగింది. పెళ్ళినాడు ఆ పిల్ల ముఖం ఎత్తి నవ్వలేదు. తల్లి చేసినది ప్రేమతోనే. కాని తెలియక చేసినది.

అసలు ఫిల్లర్ అంటే ఏమిటి? పెదవి పలచగా ఉన్నచోట, బుగ్గ లోతుకు పోయినచోట చర్మం కింద నింపే జిగురు వంటి పదార్థం. ఎక్కువగా వాడేది హైలురోనిక్ ఆమ్లం. ఇది మన ఒంట్లో సహజంగానే ఉంటుంది, నీటిని పట్టి ఉంచుతుంది. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే శాస్త్రజ్ఞులు పశువుల కంటిలోని జిగురు ద్రవం నుండి దీనిని వేరుచేశారు. కొన్ని రకాలను ఒకప్పుడు కోడిపుంజు తురాయి నుండి తీసేవారు. ఇప్పుడు ఎక్కువగా సూక్ష్మజీవులను పెంచి తయారుచేస్తున్నారు. దేనితో చేసినదో తెలుసుకోవాలని మనవాళ్ళకు ఉంటుంది కదా, మొహమాటపడక డాక్టరుగారినే అడగండి.

ముఖంలో సన్నని రక్తనాళాలు వలలాగా అల్లుకుని ఉంటాయి. సూది మొన వాటిలో ఒకదానికి తగిలితే రక్తం చర్మం కిందికి కారుతుంది. అదే కమిలిన మచ్చ. హిజామా కప్పు తీశాక వీపు మీద పడే గుండ్రటి మచ్చ కూడా ఇటువంటిదే. మొదట ఎరుపు, తరువాత నీలం, ఆపైన ఆకుపచ్చ, చివరికి పసుపు. కారిన రక్తాన్ని శరీరం కొంచెం కొంచెంగా అరిగించుకుంటున్నదని ఆ రంగులే చెబుతాయి. మామూలుగా వారం, పది రోజులు. ఒక్కొక్కరికి రెండు వారాలూ పట్టవచ్చు. కనుక ముందుగా చెప్పేది ఇదే: పెళ్ళికి ఐదు రోజుల ముందు ఈ పని పెట్టుకోవద్దు. ఎంత లేదన్నా రెండు వారాలు, వీలైతే నెల రోజులు వ్యవధి ఉంచుకోండి.

రెండవది, మందుల సంగతి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి. తలనొప్పికి వేసుకునే డిస్ప్రిన్‌లో ఉన్నది ఆస్పిరినే. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ ఉంది. ఆస్పిరిన్ తాకిన రక్తపు ప్లేట్‌లెట్ తన ఆయువు ఉన్న ఏడు, పది రోజులూ సరిగా పనిచేయదు. అందుకే ఒక రోజు ముందు మానితే ప్రయోజనం లేదు. చేప నూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి గొట్టాల వంటివి కూడా ముందుగా ఆపమని డాక్టర్లు చెబుతూ ఉంటారు. ఏమేమి వాడుతున్నారో ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్ళండి.

అయితే ఇక్కడే ఒక హెచ్చరిక. మాకు తెలిసిన ఒక ఖాలాజాన్‌కు గుండెలో స్టెంటు వేసి ఏడాది కాలేదు. కొడుకు పెళ్ళికి కళ్ళ కింద గుంటలు పూడ్పించుకుందామనుకున్నారు. "ఆస్పిరిన్ మానెయ్యండి, కమలదు" అన్నారెవరో. మానేశారు కూడా! నాలుగు రోజులయ్యాక మాతో అన్నారు. మా గుండె జారిపోయింది. స్టెంటు వేసిన డాక్టరుకు వెంటనే ఫోను చేయించి, ఆయన చెప్పిన ప్రకారం మాత్ర మళ్ళీ మొదలుపెట్టించాము. గుండెకు, పక్షవాతానికి ఇచ్చిన మందును ముఖం మీది మచ్చ కోసం సొంతంగా ఆపకూడదు. మచ్చ పోతుంది. మూసుకున్న స్టెంటు ప్రాణం తీస్తుంది.

సూది వేసేటప్పుడు డాక్టరు చేతిలో ఉన్నది కొంత. ముందుగా చల్లదనం పెట్టడం, నెమ్మదిగా మందు ఎక్కించడం, అనుకూలమైన చోట మొన మొద్దుగా ఉండే కాన్యులా వాడడం, రక్తం కనిపించగానే వేలితో అదిమి పట్టడం, వీటివల్ల కమలడం తగ్గుతుంది. ఇంటికి వచ్చాక చేయవలసినది మన చేతిలో ఉన్నది. మంచుగడ్డను గుడ్డలో చుట్టి పది నిమిషాలు తేలికగా ఆనించండి. కాస్త విరామం ఇచ్చి మళ్ళీ పెట్టండి. తల కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకోండి. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఒకటి రెండు రోజులు కాపడం, ఆవిరి, బరువు పనులు, మిట్టమధ్యాహ్నం ఈ బీచిలో ఎండ నడక వద్దు. డాక్టరు చెప్పకుండా రుద్దవద్దు. నఖాబ్ పట్టీ ఆ చోటు మీద బిగుతుగా కట్టవద్దు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. కమిలిన మచ్చ వేరు, రక్తం ఆగిపోయిన చర్మం వేరు. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి పోతే ఆ భాగానికి రక్తం అందదు. అప్పుడు చర్మం తెల్లగా పాలిపోతుంది, తరువాత వల అల్లినట్టు ఊదా చారలు తేలుతాయి, చల్లబడుతుంది. నొప్పి ఓర్చుకోలేనంతగా ఉండవచ్చు. మందులో మత్తు కలిసి ఉంటే మొదట్లో నొప్పి తెలియకపోనూవచ్చు. చామనఛాయ ముఖంలో పాలిపోవడం సులభంగా కనబడదు. వేలితో నొక్కి వదలండి. రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి రాకపోతే అనుమానించండి. క్లినిక్‌లోనే అద్దంలో చూసుకుని ఆ తరువాతే నఖాబ్ వేసుకోండి. ఇంటికి వచ్చాక కూడా చూసుకుంటూ ఉండండి. అనుమానం కలిగితే తెల్లవారేదాకా ఆగవద్దు, సూది వేసిన డాక్టరు దగ్గరికి వెంటనే పరుగెత్తండి. హైలురోనిక్ ఆమ్లాన్ని కరిగించే హైలురోనిడేజ్ అనే మందు ఉన్నది. ఎంత త్వరగా వేస్తే చర్మం అంతగా దక్కుతుంది. చూపు మసకబారినా, కంట్లో నొప్పి వచ్చినా, మాట తడబడినా 108కి ఫోను చేయండి. ఈ రుషికొండలోనే వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, నగరంలో కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది.

అందుకే సూదికి ముందే మూడు ప్రశ్నలు అడగండి: వేసేది శిక్షణ పొందిన డాక్టరేనా? ఎక్కిస్తున్న మందు పేరేమిటి? కరిగించే మందు ఇక్కడ సిద్ధంగా ఉందా? జవాబు దొరకని చోట కుర్చీ ఎక్కవద్దు. సూది లేకుండా ఒత్తిడితో ఎక్కించే పెన్నులను ఫిల్లర్లకు వాడవద్దని అమెరికా ఔషధ సంస్థ 2021లోనే హెచ్చరించింది. చవక అని వాటి జోలికి పోవద్దు.

తల్లులారా, మీ పిల్లలు దాచి వేయించుకునే పరిస్థితి తేవద్దు. దాచిన పిల్ల నొప్పినీ దాస్తుంది. మీరు కోప్పడటం రేపు కూడా చేయవచ్చు. ఆ రాత్రి మాత్రం ముఖం దీపం వెలుతురులో చూడండి. కమిలితే ఓర్పు, పాలిపోతే పరుగు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే మా శ్రమ ఫలించినట్టే.