గూడ్సుబండ్లమీఁది వ్రాఁతలు



నేఁటి ప్రసంగమునకు విషయము గూడ్సుబండి. ప్రయాణీకుల బండినిగూర్చి ముచ్చటించువారు పెక్కురు కలరు. గూడ్సుబండి యన్ననో, గేటుకడ మనలను నిలిపివేసి మెల్లమెల్లగాఁ గదలిపోవు పీడగా మాత్రమే మన కెఱుక. కాని మనము తిను బియ్యమును, పొలమునఁ జల్లు నెరువును, ఇల్లు కట్టు సిమెంటును, విద్యుత్తునకు మూలమైన బొగ్గును మోసికొని వచ్చున దదియే. అది పోవునపుడు ప్రతి పెట్టెమీఁదను అక్షరములు, అంకెలు కానవచ్చును. కొన్నిటిమీఁదఁ బెద్దపెద్ద పేళ్లును రంగుల గుఱుతులును గూడ నుండును. ఆ వ్రాఁత లెవరికొఱకు? వానిలో నమ్మఁదగిన వేవి? వానితో మన కేమి పని? ఈ మూఁడు ప్రశ్నలకు నా యెఱిఁగినంతవఱకు సమాధానము చెప్పెదను.

సికింద్రాబాదు స్టేషనునకు ఒక పార్శ్వమున నానుకొని యున్న పేట బోయిగూడ. బోయి యనఁగా పల్లకి మోయువాఁడు; గూడ యనఁగా చిన్నపల్లె. పేరునుబట్టి మోఁతకాండ్ర పల్లె యని చెప్పుకొనవచ్చును. రైలును మోఁతగాఁడే కనుక ఆ పొరుగు సముచితముగనే యున్నది. వాడి జంక్షనునుండి సికింద్రాబాదునకు 1874లో ఇనుపదారి తెఱవఁబడినది. నిజాము రాజ్యపు రైల్వే 1950లో భారత రైల్వేలలోఁ జేరినది. 1966 అక్టోబరు 2వ తేదిని సికింద్రాబాదు ముఖ్యస్థానముగా దక్షిణమధ్య రైల్వే యేర్పడినది. స్టేషనునకు ఉత్తరముగా మౌలాలినుండి సనత్‌నగరునకుఁ బోవు వేఱొక దారియుఁ గలదు. సనత్‌నగరున కంటైనర్ల డిపో యున్నది. కావున వ్యాగనులమీఁది వ్రాఁతలు చదువఁగోరువానికి ఈ ప్రాంతమొక మంచి పాఠశాల.

వాహనముమీఁద గుఱుతు నిలుపుట మనకుఁ గ్రొత్త గాదు. భారతమున విరాటపర్వమందు అర్జునుఁ డుత్తరునకుఁ గౌరవవీరులను వారి టెక్కెములనుబట్టియే యెఱుకపఱచెను. తాటిచెట్టు టెక్కెముగాఁ గలవాఁడు భీష్ముఁడని తెలిసినతోడనే, ఎదుట నున్నవాఁ డెవఁడో, వానియెడ నెట్లు మెలఁగవలయునో ఉత్తరునకుఁ దెలిసెను. దేవునిపేర విడిచిన ఆఁబోతునకు అచ్చు వేయుదురు. గోనెసంచిమీఁద వర్తకుఁడు తన మార్కా వేయును. గుఱుతు తెలియఁజేయుటకుఁ బుట్టినది. పొగడ్త దానివెంటఁ దరువాత వచ్చి చేరినది.

మీమాంసకులు వేదవాక్యములను విధి యనియు, అర్థవాద మనియు విభజించి చెప్పుదురు. ఇది చేయుమని చెప్పునది విధి. దానిని బొగడి మనకు రుచి పుట్టించునది అర్థవాదము. అర్థవాదమునకుఁ దనంతఁ బ్రామాణ్యము లేదు. విధికిఁ దోడై నిలిచినపుడే దానికి విలువ. రైలు పెట్టెలమీఁది వ్రాఁతలకు నీ విభాగము చక్కగా వర్తించును.

ముందు విధివ్రాఁతను జూతము. మన దేశపు వ్యాగనుమీఁద 11 అంకెల సంఖ్య యొకటి యుండును. మొదటి రెండంకెలు వ్యాగను జాతిని, పిమ్మటి రెండు దాని సొంతదారగు రైల్వేను, ఆపై రెండు తయారైన సంవత్సరమును, తరువాతి నాలుగు వరుస సంఖ్యను దెలుపును. తుది యంకె కావలి యంకె. ముందున్న పది యంకెలను ఒక నియమము చొప్పున గుణించి కూడినచో నది రావలయును; రాకున్న నెక్కడనో తప్పు దొరలినదన్నమాట. వేదపాఠమున నక్షరము తప్పిపోకుండుటకై మన పూర్వులు జట, ఘన మను పాఠక్రమములను గల్పించిరి. ఈ కావలి యంకెయు నట్టి యేర్పాటే.

సంఖ్యతోఁబాటు వ్యాగను జాతిపేరును వ్రాసియుండును. బాక్స్‌ఎన్‌ అనునది బొగ్గును, ఖనిజములను మోయు కప్పులేని వ్యాగను. బి.సి.ఎన్‌. అనునది ధాన్యము, ఎరువు, సిమెంటు తడియకుండఁ దెచ్చు కప్పువ్యాగను. బి.టి.పి.ఎన్‌. అనునది పెట్రోలు మోయు తొట్టి. తుదినున్న ఎన్‌ అక్షరము గాలిబ్రేకు కలదని తెలుపును.

ఖాళీ వ్యాగను బరువును గూడ వ్రాయుదురు. దానికి టేరు అని పేరు. బాక్స్‌ఎన్‌ టేరు సుమారు 22 టన్నులన్నర. తొలుత దానికి నిర్ణయించిన సరకు 58 టన్నులకుఁ బైచిలుకు. రెండును గలిసి 81 టన్నులు కాఁగా, నాలుగిరుసులలో నొక్కొక్కదానిమీఁదఁ బడునది 20 టన్నులకుఁ గొంచె మెక్కువ. పిమ్మట నీ పరిమితిని హెచ్చించిరి. నిండు వ్యాగనును కాటామీఁదఁ దూఁచి టేరు తీసివేయఁగా మిగిలినదే సరకు బరువు. ఆ టేరులో నొక్క యంకె చెడినచో అమ్మినవాఁడో, కొన్నవాఁడో నష్టపడక తప్పదు. బరువు మితిమీఱిన నిరుసునకును పట్టాకును గూడఁ బ్రమాదమే.

మఱియొకచోఁ బెద్దమరమ్మతు జరిగిన తేదియు, మరల రావలసిన తేదియు నుండును. విజయవాడ చేరువ రాయనపాడునఁ గల వ్యాగను కర్మాగారమువంటి చోట్ల నీ పని జరుగును. ఆ తేది చదువవలసినవాఁడు మనము గాము. రాత్రివేళ దీపము పట్టుకొని బండి పొడవునను నడచుచుఁ బరీక్షించు పనివాఁడు. అతనికిఁ గనఁబడకున్న నావల నున్నవారి ప్రాణములకే ముప్పు. అందువలననే, అధికారము లేక బండిమీఁది యక్షరములనుగాని అంకెలనుగాని చెఱపుటయు మార్చుటయు 1989 నాటి రైల్వే చట్టముచే నేరముగా నిర్ణయింపఁబడినది. సినిమా కాగితములను, ఎన్నికల కాగితములను వ్యాగనులమీఁద నంటించు కుఱ్ఱవాండ్రకుఁ బెద్దలు చెప్పవలసిన మాట యిది.

ఇఁక కంటైనరు సంగతి. 1956 ఏప్రిల్‌ 26వ తేదిని అమెరికాలో మాల్కం మెక్లీన్‌ అను లారీల వర్తకుఁడు 58 పెట్టెలను ఐడియల్‌ ఎక్స్‌ అను నోడకెక్కించి నెవార్కునుండి హ్యూస్టనునకుఁ బంపెను. నాఁటినుండి ఈ పద్ధతి లోకమంతటను వ్యాపించెను. సరకును విప్పి సర్దు పని లేకయే పెట్టె పెట్టెగా లారీనుండి యోడకును, ఓడనుండి రైలునకును మారును. మన దేశమున నిందులకై 1988లో కంటైనర్‌ కార్పొరేషను స్థాపింపఁబడినది. 2006లో ప్రైవేటు సంస్థలకును కంటైనరు బండ్లు నడుపుట కనుమతి లభించినది. పెట్టెమీఁద నాలుగక్షరములు, ఆఱంకెలు, ఒక కావలి యంకె యుండును. మొదటి మూఁడక్షరములు సొంతదారుని గుఱుతు. ఇది విధివ్రాఁత. దాని చెంతనే నిలువెత్తు నక్షరములతో డెన్మార్కు కంపెనీ మేర్స్క్‌ పేరో, తైవాను కంపెనీ ఎవర్‌గ్రీన్‌ పేరో నిండు రంగులలోఁ గానవచ్చును. ఇది అర్థవాదము. ఇచ్చట నొకటి గమనింపవలయును. ఆ పేరు పెట్టెను బంపు నోడకంపెనీది. లోపలి సరకు వారిది కాదు. లోపల గుంటూరు మిరపకాయ లుండవచ్చును, సిరిసిల్ల బట్ట లుండవచ్చును. పండించినవాని పేరుగాని, నేసినవాని పేరుగాని గోడమీఁద నుండదు. మోసినవాని పేరు ఖండాంతరములకుఁ బోవుచుండఁగా, చేసినవాని పేరు పెట్టెలోఁ బడి యుండును.

అయిన సరకువాఁడు తన పేరు వ్యాగనుమీఁద వ్రాయించిన నేమగును? ఆ ప్రయోగమును రెండు దేశములు చేసి చూచినవి. ఇంగ్లండులో గనులవారును బొగ్గువర్తకులును సొంత వ్యాగనులు చేయించుకొని, ప్రక్కపలకల నిండఁ దమ పేళ్లను, ఊళ్లను రంగురంగుల యక్షరములతో వ్రాయించిరి. చూచుటకు ముచ్చటయే. కాని యొకని పేరు గల వ్యాగను బొగ్గు దింపి, మఱియొకని సరకు నెత్తుకొనక, ఖాళీగా గనికి మరలవలసి వచ్చెను. పేరు బరువైనది, బండి ఖాళీ యైనది. 1939లో యుద్ధము రాఁగానే ప్రభుత్వము వానినెల్లఁ దన యధీనము గావించుకొని, యెవరి సరకునకైనను వాడెను. 1948లో నైదు లక్షలకుఁ బైఁబడిన యట్టి వ్యాగనులు జాతిపర మయ్యెను.

అమెరికాలో మాంసము, వెన్న, బీరు అమ్ము కంపెనీలు మంచుగడ్డలతోఁ జల్లఁబఱచు వ్యాగనులను అద్దెకుఁ దీసికొని, వానిమీఁదఁ దమ సరకులను బొగడు బొమ్మలను, వ్రాఁతలను నింపించినవి. వ్యాగను నడచిన మైళ్లకు రైల్వే యిచ్చు సొమ్ములోఁ గొంత చాటుదారిని ఆ కంపెనీలకే తిరిగి చేరుచుండెను. అనఁగా గొప్పవర్తకునకు తగ్గింపు కేవు, చిన్నవర్తకునకు నిండు కేవు. అంతియ కాదు. ఒకని వెన్నను బొగడు బండిలోఁ దన వెన్నను బంపుటకుఁ బోటీవర్తకుఁ డిష్టపడునా? విచారణ జరిపి అక్కడి వాణిజ్య సంఘము 1934లో నీ ప్రకటనబండ్లకు వ్యతిరేకముగాఁ దీర్పు చెప్పెను. 1937 జనవరినుండి యవి తొలఁగింపఁబడెను. నేఁడు వానిని వస్తుప్రదర్శనశాలలలోఁ జూచి సంతోషించువారు పెక్కురు. బొమ్మ మంచిదే, దాని చాటున జరిగిన పక్షపాతము మంచిది గాదు.

మన చట్టమునందును, రైల్వే యొకని కనుచితముగా నెక్కువ సదుపాయము చేయరాదను నియమము కలదు. ఏరు దాఁటించు పడవవాఁడు కాపును, కోమటిని సమానముగా నెక్కించుకొనవలయు నన్న ధర్మమే యిది. రైల్వేవారికి ప్రకటనలవలన సొమ్ము రావలయు ననుట యన్యాయము గాదు. ఆ సొమ్మువలన టిక్కెట్టు ధరయుఁ గేవును పెరుగకుండిన నందఱకును మేలే. 2017 జనవరిలో రైలుబండ్ల వెలుపలి ప్రకటనలగూర్చి ప్రభుత్వము విధానమును బ్రకటించెను. నే నడుగునది యొక్కటియే. ఎంత రంగు పూసినను అంకెలు మూయఁబడరాదు. ఎవని పేరు వ్రాసినను మఱియొకని సరకునకు దారి మూయఁబడరాదు.

పొగడ్త లేకయే బండికి గౌరవము వచ్చిన సంఘటనలు మన నేలమీఁదనే జరిగినవి. 2020 మార్చి 26వ తేదిని, ఊళ్లన్నియుఁ దలుపులు మూసికొన్న దినములలో, రేణిగుంటనుండి ఢిల్లీకిఁ బాలబండి బయలుదేరెను. దానికి దూధ్‌ దురంతో యని పేరు. ఒక్కొక్క తొట్టిలో 40,000 లీటర్ల పాలు. ఆ యేఁటనే సెప్టెంబరు 9వ తేదిని అనంతపురమునుండి పండ్లతో కిసాన్‌ రైలు ఢిల్లీకిఁ గదలెను. 2021 ఏప్రిల్‌లో విశాఖ యుక్కు కర్మాగారమునందుఁ బ్రాణవాయువు నింపిన లారీతొట్లను బండికెక్కించి మహారాష్ట్రకుఁ బంపిరి. ఆ తొట్లకు చిత్రకారుని బొమ్మ లేమి యక్కఱ? ఆక్సిజన్‌ అను నొక్క మాట చాలెను. విధివ్రాఁతయే యలంకారమైన వేళ యది.

ఇందువలన మన గ్రామములవారు నేర్వఁదగిన దేమి? మొదటిది, సరకు నెత్తించునపుడు వ్యాగను సంఖ్యను రసీదులోని సంఖ్యతోఁ బోల్చి చూచుకొనవలయును. టేరును గుఱుతు వ్రాసికొనవలయును. చదువుకొన్న మనుమని నొకనిఁ దోడు తీసికొని పోయిన నది గడియ పని. రెండవది, మన పండ్లపెట్టెమీఁద ఊరిపేరు, కోసిన తేది, నిక్కపు బరువు తెలుఁగునను, కొనువాని భాషయందును వ్రాయవలయును. బొమ్మ యా పిమ్మట. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుఱుతింపు లభించినది. ఆ పేరును ఇతరులు దొంగిలింపరాదని చట్టము కాపాడును. అయితే పైవరుస మంచిపండ్లతోఁ గప్పి, క్రింద పచ్చికాయలు నింపిన పెట్టెను చట్టము గాపాడఁజాలదు. పైన పటారము, లోన లొటారము అనిపించుకొన్న యూరి మార్కాను మరుసటి యేఁడు బజారులో నెవఁడును జదువఁడు. ఒక్క రైతు చేసిన మోసమునకు ఊరందఱి పెట్టెలును ధర తగ్గును.

మూఁడవది మన పిల్లలగూర్చి. నేఁడు కంటికి కానఁబడు గోడలన్నిటిమీఁదను బొగడ్తయే నిండియున్నది. ఏది తెలుపు వ్రాఁత, ఏది పొగడు వ్రాఁత యని వేఱుచేయ నేర్పనిచో, అక్షరములు వచ్చినను చదువు వచ్చినట్లు గాదు. గేటుకడ గూడ్సుబండి నిలిపినపుడు విసుగుకొనుటకు మాఱుగా, ప్రక్కనున్న బాలునిచే వ్యాగను సంఖ్య చదివింపుఁడు. అది యే సంవత్సరమునఁ బుట్టినదో యడుగుఁడు. బండి దాఁటిపోవునంతలో వానికి లెక్కయు, లోకజ్ఞానమును గూడ నొక పాఠ మగును.

పేరు గొప్ప, ఊరు దిబ్బ యను సామెత మనది. పేరు ఊరునకుఁ దగియుండవలయు ననియే దాని భావము. వ్యాగనుమీఁది వ్రాఁత వ్యాగనునకుఁ దగియుండునట్లు రైల్వేవారు చూచెదరు గాక. సంచిమీఁది వ్రాఁత సంచిలోని గింజకుఁ దగియుండునట్లు మనము చూతము.