దత్తతకు నిలిపిన మూగజీవులు

పశువుల అంగడిలో ఎద్దును కొనవచ్చిన రైతు తొందరపడడు. ముందు నోరు తెరిపించి పండ్లు చూస్తాడు. సుడులు చూస్తాడు, గిట్టలు తట్టి చూస్తాడు, పగ్గం పట్టి నాలుగడుగులు నడిపిస్తాడు. తువాలు కింద వేళ్లు పట్టి బేరం తెగేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది. ఈ పరీక్ష అంతా పశువుకే గాని కొనేవానికి ఎవ్వరూ పెట్టరు. పెట్టవలసిన పనియు లేదు. వేలు పోసి కొన్నవాడు ఎద్దును ఎండకు వానకు వదలిపెట్టడు. పోసిన సొమ్మే దానికి కావలి.

ఇప్పుడు మరొక విధమైన అంగడి మన పట్టణాల దాక వస్తున్నది. సంరక్షణ కేంద్రాలలో, గోశాలలలో ఉన్న మూగజీవులను పదిమంది తిరిగే చోటికి తెచ్చి నిలిపి, కావలసినవారు తీసికొనిపోండని చెప్పుట. దీనికి దత్తత మేళా అని పేరు. ధర లేదు గనుక ధర కాచే కావలియు అక్కడ లేదు. కావున ఆ అంగడిలో పరీక్ష తిరగబడవలెను. చూడవలసినది పశువు పండ్లను గాదు, తీసికొనవచ్చినవాని ఇంటిని. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచినది ముఖ్యంగా ఇదే. మిగిలినదంతా దీని వెంట వచ్చే చిక్కులు.

ఈ మేళాల అవసరం ఎట్లు కలిగినదో చెప్పవలెను. వీధికుక్కను పట్టి, పిల్లలు కలగకుండ శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే విడువవలెనని కేంద్ర ప్రభుత్వం 2001లో నియమాలు చేసినది. 2023లో వాటిని మార్చి మరల ప్రకటించినది. ఆ పని జరిగిన ఊళ్లకంటె జరగని ఊళ్లే ఎక్కువ. 2023 ఫిబ్రవరి 19న హైదరాబాదు అంబరుపేటలో నాలుగేండ్ల పసివాడు కుక్కల గుంపు పాలబడి మరణించినాడు. ఆ నాటినుండి కుక్క అన్న మాటకే తల్లులు ఉలికిపడితే దానిని తప్పనలేము. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, వీధికుక్కను పెంచుకొనదలచినవారు పురపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవచ్చునని, అట్లు తీసికొన్న కుక్క తిరిగి వీధికి రాకుండ చూచే బాధ్యత వారిదేనని చెప్పినది. ఆ సంవత్సరమే నవంబరు 7న మరొక ఉత్తర్వు చేసి, బడులు, ఆసుపత్రులు, బస్సు స్టేషన్లు, రైల్వే స్టేషన్ల ఆవరణలలోని కుక్కలను సంరక్షణ కేంద్రాలకు తరలించవలెనని, మరల అక్కడ విడువరాదని ఆదేశించినది. కేంద్రం నిండినకొద్ది దానిని ఖాళీ చేసే మార్గం వెదకక తప్పదు. హైదరాబాదు నగరపాలక సంస్థ 2025 ఆగస్టులో బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో దేశవాళి కుక్కపిల్లల దత్తత మేళాను తలపెట్టినది.

పల్లెలలో మరొక మార్గం తొక్కినవారు కలరు. 2026 జనవరిలో హనుమకొండ, కామారెడ్డి, జగిత్యాల జిల్లాల గ్రామాలలో కుక్కలను విషంతో చంపించినారన్న ఫిర్యాదులపై పోలీసు కేసులు నమోదయినవి. జగిత్యాల 2016 అక్టోబరు దాక మన కరీంనగరు జిల్లాలోనిదే. ఆ మార్గం ఎదుట పెట్టుకొని చూస్తే మేళా ఎంతో మేలని ఎవరైనను అంటారు. నేనూ అంటాను. కాని చంపుటకంటె మేలు అన్నంత మాత్రాన ఒక పని ధర్మమైపోదు. అది జరిగే తీరును చూడవలసియే యున్నది.

తీరు అన్నప్పుడు మనకు దగ్గరి ఉదాహరణ కుక్కలలో లేదు, కోడెలలో ఉన్నది. వేములవాడ రాజరాజేశ్వరస్వామికి కోడెమొక్కు మొక్కని కుటుంబం మన ప్రాంతంలో అరుదు. సంతానానికని, రోగం నెమ్మదించుటకని మొక్కుకొని, కోడెను పట్టుకొని గుడి చుట్టు తిరిగి కట్టివేయుట ఆచారం. నిజముగానే కోడెను తోలుకొనివచ్చి స్వామికి సమర్పించేవారును కలరు. అట్టివి తిప్పాపూరు గోశాలకు చేరుతవి. నాగలికి, బండికి ఎద్దు కావలసిన కాలంలో ఈ దానంలో నిజమైన త్యాగం ఉండేది. ఇంటిలో పనికివచ్చే ఆస్తిని స్వామికి ఇచ్చినట్లు. ట్రాక్టరు వచ్చిన తరువాత మగదూడ ఇంటికి బరువైనది. ఆ బరువును దించుకొనుటకు మొక్కు ఒక సాకు కారాదు గాని, అక్కడక్కడ అయినదని చెప్పుటకు సంకోచించనక్కరలేదు.

2025 మే చివరను, జూను మొదటను ఆ గోశాలలో కోడెలు ఒకటి వెంట ఒకటి చనిపోయినవి. చోటుకు మించిన పశువులు ఉండుట అందరికీ కనబడిన కారణం. అప్పుడు అధికారులు వాటిని రైతులకు ఉచితంగా పంచినారు. భూమి పాసు పుస్తకం చూపినవానికే ఇచ్చినారు. ఈ పాసు పుస్తకం చిన్న విషయంగా తోచవచ్చును. దాని వెనుక ఒక చేదు కథ కలదు. అంతకు ముందు 2024 డిసెంబరులో, దేవస్థానం కోడెలను తీసికొనిపోయినవారు అమ్ముకొన్నారన్న ఆరోపణ వచ్చి రాష్ట్రమంతటా గగ్గోలు పుట్టినది. భక్తుడు కండ్లకద్దుకొని ఇచ్చిన కోడె కబేళా దారి పట్టినదేమో అన్న అనుమానమే ఆ భక్తునికి చాలినంత శిక్ష.

కాబట్టి పరీక్షను తీసికొనేవానివైపు తిప్పిన మొదటి అడుగు మన ప్రాంతంలోనే పడినదని చెప్పవచ్చును. అది సగం అడుగే. పాసు పుస్తకం భూమి ఉన్నదని చెప్తుంది; గడ్డివామి ఉన్నదా, కొట్టం ఉన్నదా, రెండవ ఏట కోడె పొగరెక్కినప్పుడు దానిని పట్టగలవాడు ఇంటిలో ఉన్నాడా అన్నది చెప్పదు. ఆరునెలలకు ఒకమారు పశువైద్య సిబ్బంది పోయి చెవి పోగు సంఖ్య చూచి రావలెను. అంత ఓపిక లేనప్పుడు పంపకం రోజున కోడె మెడలో వేసిన దండ ఎవరి కొరకు వేసినట్లు?

కుక్కల మేళాకు వస్తే చిక్కు ఇంకొంత సూక్ష్మం. కోడెను తీసికొనేవాడు పని తలచుకొని వస్తాడు. కుక్కపిల్ల వద్దకు వచ్చేవాడు ఏమీ తలచుకొని రాడు; షికారుకు వచ్చి చూస్తాడు. చూచిన క్షణంలో జాలి పుడుతుంది, పిల్లవాడు చేయి పట్టి గుంజుతాడు. చుట్టు నలుగురు చూస్తూ ఉండగా కాదనుట తండ్రికి నామోషీ. మేళా నడిపేవారు ఈ నామోషీని ఎరిగియే, 'నేడు మీరు తీసికొనకపోతే దీనికి దిక్కు లేదు' అన్న పలకను బోనుకు తగిలిస్తే, అది అంగట్లో దళారి చేసే పనికంటె గొప్పది కాదు. దళారి తప్పిస్తే నష్టపోయేది డబ్బు. ఇక్కడ తప్పిస్తే నష్టపోయేది ఆ కుక్క.

మరొక సంగతి చాలమంది గమనించరు. జనం మధ్య నిలిపిన కుక్క కదలక మెదలక ఉంటే 'ఎంత సాధువు' అని మెచ్చుకొంటారు. తోక కాళ్ల మధ్యకు ముడుచుకొని, మాటిమాటికి పెదవులు నాకుతూ, నిద్ర రాకున్నను ఆవులిస్తూ, చెవులు వెనుకకు వాల్చి బిగిసి నిలిచిన కుక్క సాధువు కాదు, భయంతో కొయ్యబారినది. ఆ కుక్కయే ఇంటికి పోయి రెండవ వారాన పిల్లవాని చేతిని కరచినప్పుడు, మేళాలో మోసం చేసినారని తిరిగి తెస్తారు. లేదా తేరు. తేకుండ ఏ కవ్వాలు అడవి అంచునో, రహదారి పక్కనో దించిపోతే, ఆ కుక్కకే గాక అడవికిని కీడు. 2018లో గుజరాతులోని గిర్ అడవిలో డిస్టెంపర్ వ్యాధి సోకి సింహాలు మరణించినవి. అది కుక్కలకును సోకే వ్యాధి. కవ్వాలు 2012నుండి పులుల అభయారణ్యం.

రోగాల మాట వచ్చినది గనుక చెప్తాను. కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన పార్వో అనే వ్యాధి మలం ద్వారా వ్యాపిస్తుంది. దాని విషాణువు నేలలో నెలల తరబడి బ్రతికి ఉండగలదు. ఆరు ఎనిమిది వారాల వయసున మొదటి టీకా వేసి, తరువాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున మరికొన్ని వేస్తేగాని రక్షణ కుదురదు. నాలుగు చోట్ల నుండి తెచ్చిన పిల్లలను టీకాలు పూర్తిగాక ముందే ఒక్క పందిరి కింద కలిపితే మనం పంచేది పిల్లలను గాదు, రోగాన్ని. 2017లో కేంద్ర ప్రభుత్వం చేసిన కుక్కల పెంపక, విక్రయ నియమాలలో ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని, అక్కడికక్కడ అమ్మేందుకు కుక్కను బహిరంగ స్థలంలో ప్రదర్శించరాదని ఉన్నది. అమ్మేవానికి కూడనిది ఉచితంగా ఇచ్చేవానికి మాత్రం ఎట్లు కూడుతుందో నాకు బోధపడదు. కుక్కకు తాను ఉన్నది అంగడియో, మేళాయో తెలియదు. ఇక మన ఎండలు! కరీంనగరులోను ఆదిలాబాదులోను వేసవి నలుబది అయిదు డిగ్రీలు తాకుతుంది. కుక్క ముఖ్యంగా నాలుక చాచి రొప్పుట ద్వారానే వేడిని పోగొట్టుకొంటుంది. ఆ నెలలలో పందిరి వేయకుండుటే దయ.

ఇదంతా విని కేంద్రాలు నడిపేవారు ఒక మాట అంటారు. ఆ మాటకు బలమున్నది. 'మీరు చెప్పినన్ని పరీక్షలు పెడితే పదిమందిలో ఎనిమిదిమంది మరలిపోతారు. కుక్కలు బోనులోనే ఉంటవి. కొత్తవి వస్తూనే ఉంటవి. కిక్కిరిసిన చోట రోగం పుట్టి చనిపోతవి. అప్పుడు మీ ధర్మం వాటికి ఏం చేసినట్లు?' తిప్పాపూరు ఈ మాటకు సాక్ష్యం. కాలయాపన వలన కూడ చావు వస్తుంది. చేతికి మట్టి అంటని ధర్మం చెప్పుట సులభం.

అయినను నేను పరీక్షల వైపే నిలుస్తాను. ఇల్లు తెలియక ఇచ్చిన కుక్క కేంద్రం లెక్కలో తగ్గుతుంది గాని వీధి లెక్కలో తగ్గదు. శస్త్రచికిత్స కాకుండ పోయినదైతే ఏడాది తిరిగేసరికి ఆరింటిని వెంటబెట్టుకొని వస్తుంది. నిండిన చెరువుకు తూము ఎంత పెద్దదిగా తీసినను, పైనుండి వచ్చే వరదను ఆపకపోతే కట్ట నిలువదు. ఆ వరద శస్త్రచికిత్స బల్ల మీదనే ఆగవలెను. కోడెల విషయంలో మొక్కు చెల్లించే గుమ్మం వద్దనే ఆగవలెను. మేళాకు పెట్టే వేదిక ఖర్చు, ఫోటోల ఖర్చు ముందు ఆ బల్లకు పెట్టినవారే మేళా పెట్టుటకు అర్హులని నా అభిప్రాయం.

మేళాను జాతరలలో పెడితే జనం ఎక్కువ వస్తారు గదా అని ఒకరు నన్ను అడిగినారు. శివరాత్రికి వేములవాడలో, పుష్యమాసంలో కేస్లాపూరు నాగోబా వద్ద, లక్షలాది జనం. అందుకే పెట్టరాదు. జాతరకు వచ్చినవాడు దూరప్రయాణం మీద ఉన్నవాడు. తీసికొన్నవాని ఊరు ఎక్కడో, మనం పోయి చూచేది ఎప్పుడో. డోళ్ల మోతలో, టపాసుల చప్పుడులో కుక్క పడే అవస్థ వేరే చెప్పనేల? పట్టణంలోని పశువైద్యశాల ఆవరణలో, ఆదివారం ఉదయం, అయిదారు కుక్కలతో చిన్నగా జరిగితే చాలును. అడుగుటకు వైద్యుడు అక్కడనే ఉంటాడు. చూచిన రోజున ఇవ్వక, వారం ఆగి, ఇంటిని చూచి ఇవ్వవలెను. వారం నిలువని జాలి పన్నెండు పదమూడేండ్లు నిలుస్తుందా? కుక్క ఆయుర్దాయం అంత ఉంటుంది మరి. నేడు మూడవ తరగతిలో ఉన్న మీ అబ్బాయి పట్టభద్రుడయ్యే దాక అది మీ వాకిట ఉంటుంది.

శ్రోతలలో కుక్కను తెచ్చుకొనదలచినవారు ఉంటే, మేళాకు పోకముందు ఇంటిలోని పెద్దలను కూర్చుండబెట్టుకొని అడుగండి. ఇల్లు అద్దెదైతే యజమాని ఒప్పుకొన్నాడా? దసరాకు ఊరికి పోయిన నాలుగు రోజులు గిన్నెలో నీళ్లు ఎవరు పోస్తారు? గోదావరిఖనిలోనో మందమర్రిలోనో సింగరేణి క్వార్టరులో ఉన్నవారైతే, ఉద్యోగం చాలించి క్వార్టరు అప్పగించే రోజున ఈ కుక్క ఎక్కడికి పోతుంది? తాళం వేసిన క్వార్టరు ముందు వారాల తరబడి పడుకొని ఉండే కుక్క బొగ్గుబావుల ఊళ్లవారికి తెలియనిది కాదు. ఏటేటా రేబిస్ టీకా వేయించుట, పంచాయతీలోనో పురపాలక సంఘంలోనో పేరు నమోదు చేయించుట కూడ ఆ లెక్కలోనివే. పిల్ల బదులు రెండు మూడేండ్ల పెద్ద కుక్కను అడిగి చూడండి. దాని గుణం ఇప్పటికే తేలి ఉంటుంది, పరుపు చింపే వయసు దాటి ఉంటుంది. మేళాలలో చివరిదాక మిగిలిపోయేవి అవే.

మేళా పెట్టేవారు పందిరి ముందు ఒక నల్లబల్ల నిలుపవలెనని కోరుతాను. కిందటి మేళాలో ఎన్ని పోయినవి, వాటిలో ఎన్నింటిని ఇంటికి పోయి చూచి వచ్చినారు, ఎన్ని తిరిగి వచ్చినవి, ఏ కారణాన వచ్చినవి, ఎన్నింటి జాడ తెలియలేదు అన్న అయిదు లెక్కలు సుద్దతో వ్రాసి ఉండవలెను. తీసికొన్నవారి పేర్లు అక్కరలేదు. చూడవచ్చినవారు మొదట ఆ బల్ల చదువుకొని, తరువాత కుక్కల దగ్గరికి పోవచ్చును.