నా బీటిల్స్



త్యాగరాజ కీర్తనలు వినవలసిన వయస్సులో ఈ బీటిల్స్ పాటలేమిటని మా పిల్లలు అడుగుతుంటారు. రెండూ వింటానంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మిత్రుని రికార్డు ప్లేయరు మీద విన్నది మొదలు ఏభై ఏళ్లుగా ఆ అభిమానం తగ్గలేదు.

లివర్‌పూల్‌కు చెందిన ఆ నలుగురూ 1962లో "లవ్ మీ డూ" విడుదల చేశారు, 1970లో విడిపోయారు. మన రూల్సు ప్రకారం ఆ సర్వీసుకు పెన్షను కూడా రాదు! వారిలో జార్జ్ హారిసన్ మన రవిశంకర్ వద్ద సితారు నేర్చుకున్నారు. 1968లో నలుగురూ ఋషీకేశ్ వచ్చారు.

1980లో జాన్ లెనన్ హత్యకు గురయ్యారు. 2001లో హారిసన్ కేన్సరుతో పోయారు. లెనన్ పియానో వాయిస్తూ పాడుకున్న పాత క్యాసెట్టు ఒకటి మిగిలింది. పియానో మోతలో గొంతు సరిగా వినబడేది కాదు. కంప్యూటరు సాయంతో ఆ గొంతును విడదీసి, హారిసన్ 1995లో వాయించిన గిటారును కలిపి, మిగిలిన ఇద్దరూ, పాల్ మెకార్ట్నీ, రింగో స్టార్, "నౌ అండ్ దెన్" పాట పూర్తిచేశారు. 2023 నవంబరులో అది విడుదలైంది.

అది విన్నాక, కీర్తిశేషురాలైన నా భార్య మంగళహారతి పాడిన క్యాసెట్టును బీరువాలోంచి తీశాను. టేపు బాగానే ఉంది. మీ ఇళ్లలోనూ అటువంటివి ఉంటే పాతసామాన్లవాడికి వెయ్యవద్దని మనవి చేస్తూ, సెలవు తీసుకుంటున్నాను.