బల్ల మీద మన్యం

మంగళగిరిలో 6వ ప్రత్యేక పోలీసు పటాలం ఉంది కాబట్టి ఖాకీ, తుపాకీ మనకు కొత్తేమీ కాదు. ఈవేళ చెప్పబోయేది మాత్రం బొటనవేలంత సిపాయిల గురించి. సుమారు 28 మిల్లీమీటర్ల బొమ్మలు సేకరించి, రంగులద్ది, బల్ల మీద అడవి పరిచి పాత యుద్ధాలను మళ్లీ ఆడేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లలో చాలామంది బర్మాకో, వియత్నాంకో పోతారు. మన మన్యం ఏం తక్కువ?

1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. వరసగా మూడు ఠాణాలు కొట్టి అల్లూరి సీతారామరాజు దళం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయింది. ఏమేం తీసుకెళ్లారో స్టేషన్ రికార్డులో రాసి, సంతకం పెట్టి మరీ!

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు నేలకూలారు. ఇరుకు దారిలో ముందు నడిచే సిపాయిలను పోనిచ్చి, దొరలనే గురిచూశారంటారు. ఆటలోనూ కిటుకు ఇదే. దట్టమైన చెట్ల మధ్య దూరం కాల్చే తుపాకీకి పెద్ద విలువ లేదు, ముందు చూసినవాడిదే పైచేయి. నన్నడిగితే పోలీసు బొమ్మలు ఎక్కువ, విల్లమ్ములవాళ్లు తక్కువ పెట్టి ఆడాలి.

బొమ్మలు ఎక్కడివంటారా? కృష్ణ దాటితే కొండపల్లి. తెల్లపొణికి చెక్కను చెక్కి, చింతగింజల పిండి మక్కుతో కాళ్లూ చేతులూ అతికే పనివాళ్లున్నారక్కడ. కాకపోతే మరీ చిన్నవి అడక్కండి, అరచేయంత ఎత్తు చాలు. అంతకు తగ్గితే విల్లు విరుగుతుంది.