టవరు మాటయు, ఫోను మాటయు



రేడియో పలుకును, శ్రోత వినును. హైదరాబాదులోని దక్కను రేడియో 1935లో నిజాము ప్రభుత్వము చేతికి వచ్చినప్పుడును, 1950లో ఆకాశవాణిలో కలిసిన పిదపను, దానికి బదులు పలుకవలసిన పని శ్రోతకు లేకుండెను. చేతిఫోను అట్టిది కాదు. అది వినవలెను, తిరిగి పలుకవలెను. చిక్కంతయు ఈ రెండవదానిలోనే యున్నది.

టవరుపై నుండు యంత్రము పదుల వాట్ల శక్తితో ప్రసరించును. రైతు జేబులోని ఫోనుకు గల శక్తి సాధారణముగా ఒక వాటులో ఐదవవంతు మాత్రమే. అందువలన దేవరకొండ గుట్టల నడుమ గాని, అమ్రాబాదు అడవిలోని చెంచు పెంటలలో గాని, టవరు దూరమైనచో, సిగ్నలు గీతలు కనబడుచున్నను మాట అవతలికి పోకపోవచ్చును. 108కి ఫోను చేయువానికి ఆ గీతలతో ఏమి ప్రయోజనము?

5జీ పరీక్షలకై గ్రామసీమలలో టవరుకు టవరుకు 1,732 మీటర్ల దూరమును లెక్కగట్టిరి. పల్లెలకు అది చాలదని భారతదేశము వాదింపగా, 2017లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము 6 కిలోమీటర్ల కొలతను కూడ చేర్చెను. సంగారెడ్డి చెంత కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి.లో ఆచార్య కిరణ్ కూచి బృందము ఇందుకు తగిన తరంగమును గూర్చి కృషి చేసెను.

నిండు బిందె నెత్తిన బెట్టుకొని మిట్టపల్లములలో నడచు ఇల్లాలు, నీరు తొణకకుండుటకై దానిని కొంత వెలితిగానే ముంచుకొనును. ఫోనులోని శక్తివర్ధకమును అట్టిదే. తరంగము ఎగుడుదిగుడైనచో దాని శిఖరములు విరిగి మాట చెడును. కావున యంత్రమును పూర్ణశక్తితో నడుపరాదు. త్రోవ చదునైనచో బిందెను అంచుదాక నింపవచ్చును. ‘పై బై టూ బీపీఎస్‌కే’ యను పద్ధతి చేయునది ఇదియే. ఒక్కొక్క స్పందమున సున్ననో ఒకటినో ఒక్క అంకెను మాత్రముంచి, స్పందస్పందమునకు తరంగదశను పావు చుట్టు త్రిప్పి, దాని మలుపులను నున్నజేయును. 2018 నాటి 5జీ ప్రమాణములలో ఇది చేరినది. కొన్ని తరంగపట్టీలలో, కొన్ని నిబంధనలకు లోబడి, ఈ పద్ధతిని వాడు ఫోను రెట్టింపు శక్తితో పలుకుటకును అనుమతి కలదు.

నష్టము లేకపోలేదు. ఇతర పద్ధతులలో ఒక స్పందము ఆరేసి, ఎనిమిదేసి అంకెలను మోయును, ఇది ఒక్కదానినే. వేగము తగ్గును. వేగమునే చాటు ప్రకటనలకు ఇది రుచింపకపోవచ్చును గాని, గుట్ట అవతలివానికి మాట అందుటయే మొదటి అక్కర.

ప్రమాణములలో వ్రాసినంతమాత్రమున పల్లెకు మాట రాదు. ఫోనులో ఆ పద్ధతి యుండవలెను. టవరు దానిని గుర్తింపవలెను. ఆ టవరుకు కరెంటు నిలకడగా నుండవలెను. టవరు కొరకు అర్జీ పెట్టుకొను గ్రామస్థులు, ఊరి చివరి ఇంటి నుండియు, పొలములోని మోటారు కడ నుండియు మాట తిరిగి చేరునా యని కూడ అడిగి వ్రాయించుకొనుట మంచిది.